పైడితల్లి పోసిన గుమ్మపాలు

రెండేళ్ల కిందట, కార్తీకమాసం వెళ్లిన వారంలో ఒక గురువారం ఉదయం పైడితల్లి ఖాళీ చేతులతో మా గుమ్మం ముందు నిలబడింది. ఒడిశాలోని తెరుబలి ప్లాంటు క్వార్టర్లలో పద్దెనిమిది ఇళ్లకు ఆవిడే పాలు పోసేది. పదకొండేళ్లలో పాలకేను లేకుండా ఆవిడ రావడం నేను చూడలేదు. చీర అంచుకు పేడా మట్టీ అంటుకుని ఉన్నాయి. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"అమ్మా, నిన్నటి పాలు మిగిల్తే పారబోసీండి. మీరు కాసే తాగేరు కదా?"

"కాచే తాగాం. ఏటైంది పైడమ్మా?"

"నా గౌరి ఈసుకుపోయింది. రోగమేమో అంతన్నారు. కాసిన పాలకి బయం నేదంట. పచ్చిపాలు మాత్రం ఎవరూ నోట్లో పెట్టకండి."

అంతే చెప్పి పక్క గుమ్మానికి వెళ్లిపోయింది. గౌరి అంటే ఆవిడ ఆవు. తెల్లవారుతూనే, నెలలు నిండకుండా, చచ్చిన దూడను వేసింది. మా ఇంటికి రాకముందే ఆవిడ సుహాసిని అనే అమ్మాయి ఇంటికి వెళ్లిందని నాకు అప్పుడు తెలియదు. ఆ తర్వాత జరిగినదాంట్లో కొంత నేను కళ్లారా చూశాను. మిగతాది వాళ్లిద్దరూ చెప్పినదే.

పైడితల్లిది పార్వతీపురం దగ్గర పల్లె. పెళ్లయి తెరుబలి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. భర్త తాతారావు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. రైలు పట్టాలకు అవతల ఇల్లు, ఇంటి వెనక సాల, సాలలో నాలుగు ఆవులు. పాలల్లో చుక్క నీళ్లు కలపదని ఆవిడకు పేరు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం. కొత్తగా పాలు పోయించుకునేవాళ్లకు మొదటిరోజే చెప్పేది, "ఒక పొంగు రానిచ్చి దించుకోండమ్మా" అని. కానీ ఇంట్లో మొగుడికి ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. తాతారావుకు చిన్నప్పటినుంచీ గుమ్మపాలు అలవాటు. ఆవిడ పాలు పిండుతుంటే పక్కన కూర్చుని, పొదుగు వేడి చల్లారకముందే, నురగతో సహా గ్లాసుడు తాగేసేవాడు. ఫర్నేసు వేడికి తట్టుకున్న ఒళ్లు ఆ పాలవల్లే రాయిలా ఉందని ఆయన నమ్మకం. ఆవిడ నమ్మకమూ అదే.

సుహాసిని మా వరసలోనే నాలుగో క్వార్టరు. విజయనగరం పిల్ల. భర్త కామేష్ ప్లాంటులో ఎలక్ట్రికల్ టెక్నీషియన్. పెళ్లయిన ఏడాదికి మొదటి కడుపు మూడో నెలలో పోయింది. ఎందుకు పోయిందో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. చెప్పకపోయేసరికి కారణం తనే వెతుక్కోవడం మొదలుపెట్టింది. పగలంతా ఫోన్లో వీడియోలు చూసేది. ప్యాకెట్ పాలల్లో ఏవేవో మందులుంటాయని ఒకరు, వాటివల్లే ఆడవాళ్లకు కడుపు నిలవడం లేదని ఇంకొకరు. రెండోసారి నెల తప్పగానే ప్యాకెట్ పాలు మానేసింది. విశాఖపట్నం నుంచి గాజుసీసాల్లో వచ్చే ఆర్గానిక్ పాలు తెప్పించుకుంది. రైల్లో వచ్చేసరికి రెండు రోజులకోసారి విరిగిపోయేవి. ఆ పైన మరో వీడియో. ఆర్గానిక్ అయినా సరే వేడిచేసిన పాలు చచ్చిన పాలేనని, అసలు బలమంతా పచ్చిపాలల్లోనే ఉందని అందులో ఒకాయన తెల్లకోటు వేసుకుని చెప్పాడు.

ఆ రోజే పైడితల్లిని గుమ్మం దగ్గర ఆపింది.

"అత్తా, నాకు రోజూ విడిగా ఒక గ్లాసు తేగలవా? పిండిన వెంటనే. నేను కాచను."

"కాయకపోతే ఎలాగమ్మి? వట్టిమనిషివి కూడా కాదు కదా."

"కాస్తే అందులో ఉన్న మేలంతా పోతుందంట."

 ఆ పిల్ల మొదటిసారి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినప్పుడు ఎలా ఉందో పైడితల్లి చూసింది. వద్దని చెప్పడానికి నోరు రాలేదు.

"మా ఇంటాయన పుట్టి బుద్ధెరిగి గుమ్మపాలే తాగుతన్నాడు. రాయినాగున్నాడు. సరే, నీకు గౌరి పాలు తెస్తాను. అది సూడిది కదా, పాలు సిక్కగుంటాయి. కడుపుతో ఉన్నోలికి మంచిది."

మిగతా ఇళ్లన్నిటికీ నాలుగు ఆవుల పాలూ కలిపి పోసేది. సుహాసినికి మాత్రం గౌరి పాలు విడిగా, చిన్న స్టీలు డబ్బాలో, కొంగు కింద పెట్టుకుని వేడి పోకుండా తెచ్చేది. గౌరిని అంతకుముందు ఏడాదే కొన్నారు. మంచి ఆవు, తన్నదు, చేత్తో తాకితే చాలు పాలు చేపేస్తుంది. అలా రెండు నెలలు గడిచాయి.

ఆ రెండు నెలల్లోనే తాతారావుకు జ్వరం పట్టుకుంది. సాయంత్రం అయ్యేసరికి వణుకు, తెల్లారేసరికి పక్క తడిసిపోయేంత చెమట. నడుం పట్టేసి కర్ర సాయం లేకుండా లేవలేకపోయేవాడు. మా వైపు జ్వరమంటే ముందు మలేరియానే అనుకుంటాం. రెండుసార్లు రక్తం చూశారు, ఏమీ లేదన్నారు. మాత్రలకు పది రోజులు తగ్గేది, మళ్లీ వచ్చేది. పైడితల్లి ఆయనకు బలం రావాలని ఇంకో అరగ్లాసు గుమ్మపాలు ఎక్కువ పోసేది.

గురువారం ఉదయం గౌరి పడేసిన దూడను ఆవిడే వట్టిచేతులతో ఎత్తింది. మావి పూర్తిగా పడకపోతే దాన్నీ చేత్తోనే లాగింది. భయమేసి పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆ డాక్టరమ్మ ఒడియా అమ్మాయి, చిన్న వయసు. స్కూటీ మీద ఎనిమిదింటికే వచ్చింది. మోచేతుల దాకా తొడుగులు వేసుకుని దూడను చూసి, తలెత్తి పైడితల్లి చేతులవంక చూసింది.

"మౌసీ, దీన్ని నువ్వు తీశావా? వట్టిచేతులతోనా?" వచ్చీరాని తెలుగులో అడిగింది.

"మరెవరు తీస్తారమ్మా?"

"సబ్బుతో కడుక్కో. మళ్లీ మళ్లీ కడుక్కో. ఇంట్లో ఎవరికైనా జ్వరముందా? వచ్చి, పోయి, మళ్లీ వచ్చే జ్వరం?"

పైడితల్లి వరండాలో మంచం వైపు చూసింది. అక్కడ తాతారావు దుప్పటి కప్పుకుని మునగదీసుకుని ఉన్నాడు. డాక్టరమ్మ కూడా అటే చూసింది. ఆవుల నుంచి మనుషులకు అంటుకునే రోగం ఒకటుందని, దానివల్ల ఆవులు ఈసుకుపోతాయని, పాలల్లోనూ అది దిగుతుందని, కాస్తే చచ్చిపోతుందని నెమ్మదిగా చెప్పింది. నాలుగు ఆవుల దగ్గరా రక్తం తీసింది. రాయగడ తీసుకెళ్లి చూపించి శనివారానికి చెప్తానంది. దూడను లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్పించమంది. స్కూటీ ఎక్కబోతూ ఆగి అడిగింది.

"ఈ పాలు ఎవరైనా కాచకుండా తాగుతున్నారా మౌసీ?"

 "ఒక పిల్ల తాగుతంది. ఐదో నెల" అంది పైడితల్లి.

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "కడుపుతో ఉన్నవాళ్లకి ఇది చాలా చెడ్డది. ఇప్పుడే చెప్పు. శనివారం దాకా ఆగకు." ఒక కాగితం మీద రోగం పేరు ఇంగ్లీషులో రాసి, కింద తన ఫోన్ నంబరు వేసి చేతికిచ్చింది.

స్కూటీ మలుపు తిరగ్గానే తాతారావు మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఎక్కడికే?"

"సుహాసిని దగ్గిరికి."

"రిపోర్టు రానీ. రెండు రోజులే కదా. ఏ రోగమూ నేదని తేల్తే? ఈలోగా ఊరంతా టాంటాం ఏసీస్తావేటి? ముప్పై ఏళ్ల పేరు పోద్ది."

"ఉందని తేల్తే?"

 ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి కాలిపోతోంది. "ఈ జొరం నీకేలొచ్చిందో తెలీక రెండు నెల్లు నానే నీకు అది పోసేను. ఆ పిల్లకీ పోసేను. ఇంక సాలు" అని విడిపించుకుని బయలుదేరింది.

దారిలో సుహాసినికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ముందురోజు తెచ్చిన పాలల్లో కొన్ని ఆ పిల్ల ఫ్రిజ్‌లో దాచుకుంటుందని, పొద్దున్న టిఫిను తర్వాత తాగుతుందని ఆవిడకు తెలుసు. ప్లాంటు ప్రహరీ వెంట రెండు కిలోమీటర్లు. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుతూ పోతున్నాయి. చెప్పు తెగితే రెండూ అక్కడే వదిలేసి పరుగులాంటి నడకతో పోయింది.

సుహాసిని తలుపు తీసింది. తల ఆరబెట్టుకుంటోంది. ఫోన్ గదిలో ఉండిపోయిందట. పైడితల్లి ఆమెను దాటి వంటింట్లోకి చూసింది. సింకు పక్కన గ్లాసు ఉంది. అడుగున తెల్లటి చార.

"తాగీసేవా అమ్మి?"

"ఇప్పుడే. ఏటత్తా, అలా ఉన్నావు?"

పైడితల్లి గుమ్మంలోనే చతికిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. దూడ సంగతి, మొగుడి జ్వరం, డాక్టరమ్మ మాట. కాగితం చేతికిచ్చింది. సుహాసిని ఆ పేరును ఫోన్లో కొట్టి చూసింది. చదువుతున్నకొద్దీ ఒక చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్లింది. ఫోన్ పక్కన పెట్టి అంది, "మీ ఆయన రాయిలా ఉన్నాడన్నావు కదా."

ఆ ఒక్కమాట ఇప్పటికీ చెవిలో ఉండిపోయిందని పైడితల్లి అంటుంది. తిట్టినా బాగుండేదట.

తిట్టింది కామేష్. షిఫ్టు మధ్యలోనే వచ్చేశాడు. 

"పాలల్లో ఏటి కలిపేవు? నిజం చెప్పు!"

"ఏటీ కలపనేదు బావూ. ఆవు దగ్గిర నుంచి ఎలాగొచ్చిందో అలాగే తెచ్చి పోసేను. అదే తప్పయిపోయింది."

"నా పిల్లకేదైనా అయితే నిన్ను వదల్ను."

"ఒదలొద్దు. ముందు ఆస్పత్రికి తీసుకెల్లు. బేగి తీసుకెల్లు" అంది పైడితల్లి. ఆ తర్వాతే లేచి మిగతా పదిహేడు ఇళ్లూ తిరిగింది.

శుక్రవారం రాయగడ ఆసుపత్రిలో రెండు కుటుంబాలూ ఒకే బల్ల మీద ఎడంగా కూర్చున్నాయి. అటు కామేష్, సుహాసిని. ఇటు తాతారావు, పైడితల్లి. కామేష్ వీళ్ల వైపు తిరిగి చూడలేదు. డాక్టరు పెద్దావిడ. కాగితం చదివి, అక్కడికక్కడే పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసి మాట్లాడింది. ముగ్గురి దగ్గర రక్తం తీయించింది, పైడితల్లిది కూడా. పరీక్ష విశాఖపట్నం పంపాలంది. సుహాసిని అప్పుడు అడిగిందట, "మేడమ్, నేను ప్యాకెట్ పాలు మానేసింది బిడ్డ కోసమే. ఆర్గానిక్ కూడా తాగాను. మరి ఏ పాలు తాగాలి?"

"ఆర్గానిక్ అంటే ఆవు ఏం తిన్నదో చెప్పే మాటమ్మా. ఆవుకు ఏ రోగముందో చెప్పే మాట కాదు. ప్యాకెట్ పాలను వేడిచేసి చల్లార్చి పంపుతారు. ఈవిడ పాలైనా పొంగిస్తే మంచివే. ఏ పాలైనా నీ ఇష్టం, పొయ్యి మీద పెట్టకుండా మాత్రం వద్దు. కాస్తే పోయే బలం చాలా కొంచెం. కాయకపోతే వచ్చేది ఇదిగో" అని డాక్టరు చేతిలో కాగితం చూపించింది.

శనివారం పశువుల డాక్టరమ్మ ఫోన్ చేసింది. గౌరికి రోగం ఉంది, ఇంకో ఆవుకు కూడా. మిగతా రెండూ బాగున్నాయి. మంగళవారం విశాఖపట్నం నుంచి మనుషుల ఫలితాలు వచ్చాయి. తాతారావుకు ఉంది. పైడితల్లికి లేదు. సుహాసినిది తేలలేదు. ఉందనడానికి చాలదు, లేదనడానికీ లేదు. మూడు వారాలాగి మళ్లీ చూడాలన్నారు. ఈలోగా జ్వరం వచ్చినా, నొప్పి వచ్చినా, కడుపులో కదలిక తగ్గినా వెంటనే రమ్మన్నారు.

ఆ మూడు వారాలు మా వరసలో ఎవరూ గట్టిగా నవ్వలేదు. సుహాసిని మూడు గంటలకోసారి థర్మామీటరు పెట్టుకునేది. కామేష్ అమ్మను విజయనగరం నుంచి రమ్మన్నాడు గానీ ఆవిడ మోకాలి ఆపరేషనై కదలలేని స్థితి. పదకొండు ఇళ్లవాళ్లు పైడితల్లి దగ్గర పాలు మానేశారు. ఆవిడ వాళ్లనేమీ అడగలేదు. మిగిలిన ఇళ్లకు బాగున్న రెండావుల పాలు పోసి, రోజూ నాలుగో క్వార్టరు గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. "ఎలాగుంది?" అని అడిగేది. కామేష్ ఉంటే తలుపు వేసేసేవాడు. లేకపోతే కిటికీ తెర కొంచెం కదిలేది.  అప్పుడు నా దగ్గరికి వచ్చి అడిగి, నేను "జ్వరం లేదంట" అంటే వెళ్లిపోయేది. "ఎందుకొచ్చిన అవమానం పైడమ్మా, నేను ఫోన్లో చెప్తాను కదా" అన్నాను ఒకసారి. "మీ ఇంటి నుంచి ఆ గేటు కనిపించదమ్మా. ఆ పిల్లకి ఏటైనా అయితే గుమ్మం ముందు ఎవరో ఒకరుండాలి కదా" అంది.

రెండోసారి రక్తం ఇచ్చారు. ఫలితం ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం పైడితల్లి గేటు దగ్గర ఉండగానే తలుపు తెరుచుకుంది. సుహాసిని గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"అత్తా, పొద్దున్న నుంచి కదలడం లేదు. ఒళ్లు వెచ్చగా ఉంది. ఆయన ఫోన్ కలవట్లేదు."

ప్లాంటులో లోపల షెడ్డులో ఉంటే ఫోన్లు కలవవు. పైడితల్లి నన్ను కేకేసింది. నేను సెక్యూరిటీ గేటుకు పరుగెత్తి కామేష్‌కు కబురు పంపేలోగా ఆవిడ రోడ్డు మీద పోతున్న ఆటోను ఆపి, అందులో ఉన్న ఇద్దరినీ దించేసి, సుహాసినిని ఎక్కించింది. రాయగడ దాకా దారి పొడవునా గతుకులు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల నడుం కింద తన రెండు చేతులూ పెట్టి పైకి ఆపి పట్టుకుందట. "నెమ్మదిగా పోనీ బావూ" అని ఒకసారి, "బేగి పోనీ" అని ఇంకోసారి ఆటోవాడిని తినేసింది. సుహాసిని ఏడవలేదు. "మాట్లాడు అత్తా, ఏదో ఒకటి మాట్లాడు" అంది. పైడితల్లికి దేవుడి పేర్లు కూడా గుర్తురాలేదు. తన నాలుగు ఆవుల పేర్లు, వాటి తల్లుల పేర్లు, ఏది ఎప్పుడు ఈనిందో చెప్పుకుంటూ పోయింది.

ఆసుపత్రిలో పొట్ట మీద యంత్రం పెట్టారు. ముందు గరగర చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. నర్సు ఇంకోచోట పెట్టింది. అప్పుడు వినిపించింది, గుర్రం పరుగెత్తినట్టు, ఆగకుండా. పైడితల్లి గోడకు జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. కామేష్ వచ్చేసరికి ఆవిడ అలాగే ఉంది. అతను లోపలికి వెళ్లి చూసి బయటకు వచ్చాడు.   వెళ్లి రెండు గ్లాసుల టీ తెచ్చి ఒకటి ఆవిడ పక్కన పెట్టాడు.

మర్నాడు ఫలితం వచ్చింది. రోగం ఉంది. అయితే జ్వరం మొదలైన మర్నాడే దొరికిపోయింది. కడుపుతో ఉన్నవాళ్లు వేసుకోదగిన మాత్రలే ఆరు వారాలు ఇచ్చారు. నెలకు రెండుసార్లు స్కానింగ్. ఆరు వారాలూ, ఆ పైన పురుడు వచ్చే దాకా భయం ఉండనే ఉంది. విశాఖపట్నంలో, అనుకున్న రోజు కంటే మూడు వారాల ముందు ఆడపిల్ల పుట్టింది. బరువు కొంచెం తక్కువ. రక్తం శుభ్రంగా ఉందని చెప్పేదాకా కామేష్ ఎవరికీ ఫోన్ చేయలేదు. ధనశ్రీ అని పేరు పెట్టారు.

తాతారావుకు జ్వరం తగ్గింది గానీ నడుం పూర్తిగా బాగుపడలేదు. ఇప్పుడు టీ మాత్రమే తాగుతాడు. గౌరినీ రెండో ఆవునూ వేరే పాకలో కట్టారు. ఆ రోగానికి పశువుల్లో వైద్యం లేదని డాక్టరమ్మ చెప్పింది. అడిగినవాళ్లకు అమ్మేయమని తాతారావు చాలాసార్లు అన్నాడు.

"తెలిసి తెలిసి ఇంకో ఇంటికి తోలీమంటావేటి? ఆ ఇంట్లో ఎవరుంటారో నీకు తెలుసా?" అని పైడితల్లి ఒప్పుకోలేదు. ఒక చుక్క పాలు రాకపోయినా ఆ రెండింటికీ గడ్డి కోసుకొస్తూనే ఉంది. మానేసిన ఇళ్లలో కొన్ని తిరిగి వచ్చాయి, కొన్ని రాలేదు. సుహాసిని రాలేదు. ఆమె మామూలు ప్యాకెట్ పాలే తెప్పించుకుని, అవి కూడా కాచి తాగుతుంది. పైడితల్లి ఆ ఇంటికి పిల్లను ఎత్తుకోవడానికి వెళ్తుంది.

పోయిన ఎండాకాలం పశువుల డాక్టరమ్మ పెయ్యదూడలకు ఈ రోగం రాకుండా టీకాలు వేస్తూ చుట్టుపక్కల పల్లెలు తిరిగింది. పైడితల్లి తోడు వెళ్లింది. దూడల మెడ పట్టుకోవడం ఆవిడ పని. ఒక ఊళ్లో ఒక ముసలాయన తన పెయ్యకు సూది వేయనివ్వనన్నాడు. మా తాతల కాలం నుంచి పచ్చిపాలు తాగుతున్నాం, మాకేమైందని అక్కడి పల్లెల్లో మాట్లాడే దేశియా భాషలో గట్టిగా అరిచాడు. డాక్టరమ్మ నచ్చజెప్పబోయింది. పైడితల్లి ఆవిడను ఆపి, ఆ ముసలాయన అరుగు మీద కూర్చుంది. తనకు వచ్చిన కొద్దిపాటి దేశియాలో, మధ్యమధ్య తెలుగు కలిపి, మొగుడి జ్వరం దగ్గర మొదలుపెట్టింది. ఎండ నెత్తికెక్కింది. డాక్టరమ్మ సూది పెట్టె నీడలోకి జరుపుకుని ఎదురుచూసింది. కథ సగంలో ఉండగానే ముసలాయన కోడలు లోపలినుంచి వచ్చి, పెయ్య పలుపు విప్పి పైడితల్లి చేతికిచ్చింది.